రక్కసి రాసిన బావి పుస్తకం

మట్టం: 31 మూరలు

ఈ పుస్తకంలో బావి సంగతులు తప్ప వేరే ఏమీ రాయకూడదని నియమం. ఇరవై రెండేళ్ళు ఆ నియమం పాటించాను. ఈ ఏడు పని మాటలు తప్ప నాతో మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి, వెనక పేజీల్లో నా గోడు కూడా రాసుకుంటాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే పళ్ళెం మోగించుకోవచ్చు.

నా పేరు నాగావళి. లోవలో ఆడపిల్లలకు నదుల పేర్లు, మగపిల్లలకు కొండల పేర్లు పెడతారు. నదినీ కొండనూ కళ్ళారా చూసింది తుంగభద్రమ్మ ఒక్కతే. ఆవిడా మరిచిపోయానంటుంది. పైన గాలి లేదు. మేం నలభై ముగ్గురం లోవ అనే ఈ రాతి గుహలో కాపురం ఉంటున్నాం. నా పని కరుగుబావి. మంచు పొరలోకి వేడిచుట్ట దించి, కరిగిన నీళ్ళు తోడి, మట్టం చూసి ఇక్కడ రాయాలి. ఒక మూర నీళ్ళు అందరికీ పది రోజులు వస్తాయి. వాడిన నీళ్ళు చిక్కుడు మళ్ళకు పోతాయి, తిరిగి రావు. వాటిని శుభ్రం చేసే యంత్రం నేను పుట్టకముందే మూలపడింది.

పని మారలేదు, వేషం మారింది. ఏటా కుండలో చీటీలు వేసి తీస్తారు. ఒకరు రాజు, ఒకరు వీరుడు, ఒకరు దూత, ఒకరు హాస్యగాడు, ఒకరు రక్కసి. మిగిలినవాళ్ళు జనం. ఈ ఏడు రక్కసి నేను. రక్కసి నోరు తెరిస్తే అందరూ పళ్ళేలు మోగించాలి. రక్కసి ఔనంటే కాదనాలి. భోజనాల దగ్గర ఆమెకు వీపు పెట్టి కూర్చోవాలి. మొగుడి మీది కోపం, పక్కవాడి మీది కసి, ఏదైనా తెచ్చి ఆమె నెత్తిన దిమ్మరించవచ్చు. ఏడాది చివర వీరుడు ఆమెను వధిస్తాడు. ఉత్తుత్తి వధే. అది కాగానే ఆమె అవ్వ అవుతుంది, మరుసటి ఏడంతా అందరి బాగోగులూ ఆమే చూస్తుంది. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ, అరవై ఏళ్ళుగా లోవలో మనిషి మీద మనిషి చెయ్యెత్తలేదు.

నా కూతురు మంజీరకు ఐదో నెల. నిన్న అంబలి దగ్గర నాకు వీపు పెట్టి కూర్చుంది. జడ వదులుగా వేసుకుంది, నడుం నొప్పి కాబోలు. అడగడానికి లేదు.

మట్టం: 14 మూరలు

పై అంకె తప్పు పడలేదు.

ఈ ఉదయం వేదాద్రీ నేనూ కొలకర్రకు పట్టిన సున్నపు పెచ్చులు గీకాం. వేదాద్రి నాకు పనిలో తోడు, నన్ను అక్క వరసలో అప్పా అంటాడు. లోవలో అంత దిగులు మొహం ఇంకొకటి లేదు. హాస్యగాడి చీటీ అతనికే వచ్చింది, దేవుడికి కూడా హాస్యం ఉందనుకున్నాం. పెచ్చు ఊడగానే, నీళ్ళ మీద తేలే బెండు టప్పున జారింది. జారుతూనే ఉంది. పద్నాలుగు దగ్గర ఆగింది.

"అప్పా, ఇదేటిది?" అన్నాడు వేదాద్రి.

బెండు పెచ్చుకు తట్టుకుని ఏడాదికి పైగా ముప్పై ఒకటి దగ్గరే నిలిచి ఉంది. నేను రోజూ ముప్పై ఒకటి అని చక్కగా రాసుకుంటూ వచ్చాను. అంకె కదలకపోతే మంచు కరిగిన కొద్దీ నీళ్ళు ఊరుతున్నాయని సంబరపడ్డాను. వేడిచుట్ట పైకి తీసి చూశాం. దాని అడుగున బండరాయి రాసుకున్న గీతలున్నాయి. మంచు పొర అయిపోయింది.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఇప్పుడు వాడినట్టే వాడితే నూట నలభై రోజులు. సగం వాడితే రెండు వందల ఎనభై. ఉత్తరం గోడ వెనక ఇంకో మంచు పొర ఉంది. అక్కడికి సొరంగం తవ్వాలంటే అందరూ గునపాలు పట్టినా రెండు వందల రోజులు. అంటే మట్టం పది మూరలకు దిగకముందే సగం నీళ్ళకు ఒప్పుకుని తవ్వడం మొదలుపెట్టాలి. పది దాటి కిందికి దిగితే ఇక ఎంత తవ్వినా లాభం లేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. కిందటేడు రక్కసి తుంగభద్రమ్మ. ఆమె గది ఈ బావి పక్కనే. సభలో లేచి, "బావి సప్పుడు మారిపోనాది, లోపల బోలుగా మోగతంది" అంది. అందరికంటే గట్టిగా పళ్ళెం మోగించింది నేను. బావి నాది కదా మరి.

మట్టం: 13 మూరలా ఒక జాన

సభలో చెప్పాను. ఎంత నిదానంగా చెప్పాలో ముందే నాలుగుసార్లు అనుకుని వెళ్ళాను. "నీళ్ళు" అన్నానో లేదో మొదలైంది.

"ఓలమ్మో, రక్కసి నోరు తెరిసింది! పళ్ళేలట్టుకోండర్రా!"

గరిటెలు, మూతలు, అట్లకాడలు. నేను అరిచిన కొద్దీ వాళ్ళకు హుషారు. ఎన్నో ఏళ్ళకు గానీ ఇంత మంచి రక్కసి దొరకలేదన్న సంతోషం మొహాల్లో కనిపిస్తోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దానికి ఇంకా మోగించారు.

ఈ ఏటి రాజు శేషాచలం, వంటవాడు, మంచివాడే. చెయ్యెత్తి అందరినీ ఆపాడు. దూతను పంపి కిందటేటి బావి పుస్తకం తెప్పించాడు. పేజీలు తిప్పి అందరికీ చూపించాడు.

"ఇది నాగావళి రాత. రక్కసి కానప్పుడు రాసింది. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. ఆ నాగావళి మాట నమ్మాలా, ఈ రక్కసి మాట నమ్మాలా?"

"బెండు ఇరుక్కుందయ్యా, వచ్చి చూడు!" అన్నాను.

"నువ్వే కిందికి తోసుంటావు," అన్నాడు. అది అతని వేషంలో మాట. ఎంత బాగా అన్నాడంటే నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

నిజాయితీగా రాసిన నా అక్షరాలే నా మీద సాక్ష్యానికి వచ్చాయి. గదికి వచ్చి పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

మట్టం: 12 మూరలా ఒక జాన

రాజు మొహం మీద నిజం చెప్పే హక్కు హాస్యగాడికి ఉంది. వేదాద్రి తాను చెప్తానన్నాడు. పాపం, మూడు రోజులు సాధన చేశాడు.

ఖాళీ చెంబు పట్టుకుని భోజనాల మధ్యకు వచ్చాడు. చెంబును తలకిందులు చేసి దులిపాడు. "మారాజా, బాయి ఎండిపోతంది. నూట పాతిక రోజుల్లో మనందరం వడియాలు," అన్నాడు. శేషాచలం పొట్ట పట్టుకుని నవ్వాడు. వేదాద్రి మోకాళ్ళ మీద పడ్డాడు. "నిజం బాబూ, నా కళ్ళతో సూసినాను, మీ కాళ్ళట్టుకుంటాను, తవ్వండి!" నిజంగానే కాళ్ళు పట్టుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ ఏడుపు మొహం చూసి జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మంజీర కడుపు పట్టుకుని నవ్వడం చూశాను. అది అలా నవ్వి చాలా రోజులైంది.

తర్వాత వేదాద్రి వచ్చి బావి దగ్గర కూర్చున్నాడు.

"అప్పా, మళ్ళీ సెయ్యమంతన్నారు. రేపు కూడా కావాలంట," అన్నాడు.

మట్టం: 11 మూరలా ఒక జాన

వీరుడు సింహాద్రి నా అల్లుడే. చిక్కుడు మళ్ళ దగ్గర ఎవరూ లేనప్పుడు పట్టుకున్నాను. "అత్తా," అని ఆగి, చుట్టూ చూసి, చేతిలోని కొడవలి నా వైపు తిప్పాడు. వేషానికి తగ్గట్టు ఉండాలి కదా.

అంతా చెప్పాను. విన్నాడు. నమ్మాడనే అనుకుంటున్నాను, ఎందుకంటే మొహం పాలిపోయింది. పుట్టబోయే బిడ్డ అతనిది కూడా.

"నాను సెప్తానత్తా. నాకాడికొదిలీ," అన్నాడు.

సాయంత్రం సభలో బల్లెక్కాడు. "మన బాయిలో నీళ్ళు తగ్గతన్నాయి," అన్నాడు. పళ్ళేలు మోగలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడతను నా వైపు వేలెత్తాడు. "తాగీసింది ఆ రక్కసే! వధ రోజున దాని పొట్ట సీరి మీ నీళ్ళు మీకు తెచ్చిస్తాను!"

గుహ దద్దరిల్లింది.

తర్వాత గోడ పక్కన నిలబడి లోగొంతుతో అన్నాడు: "ఏటి సెయ్యమంతావత్తా? నీళ్ళు లేవు, మనకేటీ సేతకాదు అని వీరుడెలా సెప్తాడు? ఆ మాట నోట్లోంచి రాలేదు."

నిజమే. వీరుడికి శత్రువు కావాలి. బండరాయి శత్రువు కాదు. ఇప్పుడు జనం నీళ్ళు తగ్గాయనే నమ్ముతున్నారు, అదీ నన్ను చంపితే తిరిగి వస్తాయని. అందుకే ఎవరూ ఒక్క చెంబు తగ్గించుకోవడం లేదు.

మట్టం: 10 మూరలా ఒక జాన

మంజీర బావి దగ్గరకు వచ్చింది. రక్కసిని కలవడం తప్పు, అయినా వచ్చింది. ఏడో నెల. మెట్లు దిగడానికి గోడ పట్టుకుంది. నేను వేడిచుట్ట తీసి, దాని అడుగున గీతలు చూపించాను. బెండు చూపించాను. ఒక రాయి వేశాను, చప్పుడు వినమన్నాను.

అది చాలాసేపు బావిలోకి చూసింది. ఇంకాస్తలో నమ్మేది.

"అమ్మా, నివ్వెంత బాగా సేస్తన్నావో," అంది. "నీయంత రక్కసి ఇంతకుముందు లేదంతన్నారు అందరూ. నాకు గర్వంగుంది. కానీ నాకాడ వొద్దమ్మా. బిడ్డని కడుపులో ఎట్టుకుని ఇలాటివి ఇనలేను."

"మంజీ, ఇది వేషం కాదే."

"రక్కసి అలాగే అంటాది కదా," అంది, మెల్లగా, జాలిగా. చీరకొంగులో దాచి తెచ్చిన చిక్కుడు గింజల ముద్ద నా పక్కన పెట్టి వెళ్ళింది.

ముద్ద తిన్నాను. ఉప్పు సరిపోయింది. తింటూ ఏడ్చాను.

ఇక అవ్వ ఒక్కతే మిగిలింది. అవ్వ మాటకు లోవలో ఎదురు లేదు. ఆమె అన్నం లేదంటే ఆకలి వేయదు, భయం లేదంటే నిద్ర పడుతుంది. మొదటి రోజే ఆమె దగ్గరకు వెళ్ళాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. రక్కసి అవ్వ గడప తొక్కకూడదు, వదిలిన వేషం మళ్ళీ అంటుకుంటుందని నియమం. కానీ నన్ను ఆపింది నియమం కాదు. ఈ ఏటి అవ్వ తుంగభద్రమ్మ. ఆమె ముందుకు వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. వేదాద్రి రోజూ అడుగుతున్నాడు. రేపు, రేపు అంటున్నాను.

మట్టం: 9 మూరలు

ఈ రోజు వెళ్ళాను.

తుంగభద్రమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. గడపలో నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఒలే నాగా, లోపలికి రా. అంటుకుంటే అంటుకుంటాదిలే."

ఆమె పాదాల దగ్గర కూర్చుని, "పెద్దమ్మా, నీ చెవి నిజం. నా అంకె అబద్ధం," అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు యాభై రోజులు పట్టింది.

ఆమె కోప్పడలేదు. "నాకూ అనుమానమొచ్చింది గుంటా," అంది. "నీ బుక్కులో ముప్పై ఒకటుంది. నివ్వు పని తెలిసిన దానివి. ముసిలి సెవులు కదా, నాదే తప్పనుకున్నాను. అవ్వనయ్యాక ఆ మాటే మానీసినాను." తర్వాత అడిగింది: "ఎన్ని మూరలున్నాయి?"

"తొమ్మిది."

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టింది. పదిహేడేళ్ళ వయసులో ఈ గుహ తవ్విన చేతులవి. గోడ ఎంత మందమో, గునపం రోజుకు ఎంత దిగుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. రెండుసార్లు లెక్క పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పదున్నప్పుడు ఎందుకు రానేదే?" అంది.

నేను ఆమె పాదాలు పట్టుకున్నాను.

"వచ్చుంటే సెప్పీదాన్ని. నా మాట ఇనీవోలు. తవ్వీవోలు."

పది రోజుల ముందు. పది రోజుల ముందు వచ్చినా సరిపోయేది. పుట్టబోయే బిడ్డ కంటే, కూతురి కంటే, నలభై ముగ్గురి కంటే నాకు నా మొహమే ఎక్కువైంది. ఇది ఇక్కడ రాయాలి, ఎందుకంటే ఇంకెక్కడా రాయలేను.

"ఇప్పుడు చెప్పు పెద్దమ్మా. పావు నీళ్ళిచ్చి తవ్విద్దాం," అన్నాను.

"పావు నీళ్ళతోటి మనిషి పడుకుని బతుకుతాడు. గునపమట్టలేడు." నన్ను దగ్గరకు జరగమంది. "మొదటి ఏడు సంగతి నీకెవులూ పూర్తిగా సెప్పలేదు. పన్నెండు బిందెలే మిగిలాయని తెలిసింది. మూడు రోజుల్లో పందొమ్మిది మంది సచ్చిపోనారు. దాహంతో ఒక్కడూ సావలేదే. నాను మా అన్న సేతిలో పార సూసినాను. ఎదురుగా ఉన్నోడు మా బావ. నాలుగో రోజున మంచు పొర దొరికింది."

నేను బయటికి వస్తుంటే వెనక నుంచి అంది: "వొచ్చే ఏటికి అవ్వవి నివ్వే. ఆలోసించుకో."

మట్టం: 7 మూరలు

లోవంతా పండగ కళ. వధకు ఇంకా పది రోజులు. బట్టలు ఉతుకుతున్నారు. గోడలు కడుగుతున్నారు. శేషాచలం పండగ అంబలికి చోడి పిండి నానబోశాడు. నేను బిందె తర్వాత బిందె తోడి ఇస్తున్నాను, వాళ్ళు నా మొహం మీద తిట్టి తీసుకుపోతున్నారు. నేనూ వేదాద్రీ పగలంతా ఉత్తరం గోడ దగ్గర గునపం వేస్తున్నాం. ఇరవై రోజుల్లో రెండు మూరలు తవ్వాం. ఇంకా నూట ఎనభై మూరలుంది. ఎందుకు తవ్వుతున్నామని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

మట్టం: 6 మూరలు

వధ అయిపోయింది.

గాలి నింపిన సూటు తొడుక్కుని బయటి తలుపు దాటాను. ఎదురుగా సింహాద్రి, అతనూ సూటులోనే, చేతిలో ఎర్రరంగు పూసిన కర్ర గద. గుహ కిటికీ అద్దం వెనక అందరి మొహాలూ. మూడు దెబ్బలు కొట్టాలి. మొదటి రెండూ తాకీ తాకనట్టు వేశాడు. మూడోది వేయలేక నిలబడిపోయాడు. సూటు అద్దం వెనక అతని కళ్ళు చూస్తే తెలిసింది, అతను మొదటి నుంచీ నమ్మాడు. ఇక నేనే పడిపోయాను. చల్లటి దుమ్ములో వెల్లకిలా పడుకుని, లేవకుండా ఉండిపోతే ఎలా ఉంటుందా అని కాసేపు ఆలోచించాను. సూటులో గాలి ఇంకా అరగంటకు ఉంది. మంజీరకు ఇంకో నెలలో పురుడు. లేచాను.

వెనక తలుపు దగ్గర రక్కసిని కడిగే స్నానం. ఒక్కొక్కరూ ఒక్కో చెంబు నెత్తిన పోసి దండం పెట్టాలి. నలభై రెండు చెంబులు. శేషాచలం తన చెంబు పోసి, "తప్పులుంటే సెమించవ్వా," అన్నాడు. ఏడాదంతా నా వైపు చూడనివాళ్ళు నా చెంపలు నిమిరారు. ప్రేమగా, నిండుగా, చెంబు అంచు పొర్లిపోయేలా పోశారు. నీళ్ళు నా కాళ్ళ కింద నుంచి పారి చిక్కుడు మళ్ళలోకి పోయాయి. నేను లెక్క పెడుతూనే ఉన్నాను. వేదాద్రి వంతు వచ్చినప్పుడు ఖాళీ చెంబు వంచాడు. అందరూ నవ్వారు.

ఆఖరున మంజీర. పోసి, తడి జుట్టు తుడిచి, అందరి ముందూ నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఏడాది తర్వాత దాని బరువు నా మీద పడింది.

"అవ్వా," అంది. తర్వాత, "అమ్మా, సింహాద్రి నిద్రపోడంలేదు. ఏటడిగినా సెప్పడు. నివ్వు సెప్పు. నీళ్ళున్నాయా?"

నలభై రెండు మొహాలు నా వైపు తిరిగాయి. ఎవరి చేతిలోనూ పళ్ళెం లేదు. ఇప్పుడు నేను ఏం చెప్పినా నమ్ముతారు. జనంలో కూర్చున్న తుంగభద్రమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఉన్నాయమ్మా," అన్నాను. "ఉన్నాయి. నీ బిడ్డకు రెండుపూటలా నీళ్ళు పోద్దాం."

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో పాట అందుకున్నారు. మంజీర అలాగే నా ఒళ్ళో నిద్రపోయింది.

ఈ పుస్తకాన్ని ఉత్తరం గోడలో మేం తవ్విన గుంటలో పెట్టి రాళ్ళు పేరుస్తాను. బెండు కిందికి జారకుండా వేదాద్రి కొలకర్రకు తీగతో కట్టేశాడు. రేపటి నుంచి బావికి కొత్త పుస్తకం. మొదటి పేజీలో మట్టం ఇందాకే రాసి వచ్చాను: 31 మూరలు.